ఆరో బాయి వైపు దీపం

సోమవారం

దీపం కనిపించింది.

మా గని సర్దార్ గట్టయ్యకు ఈ రెండు ముక్కలు చాలు. మిగతాదంతా నా సోది అంటాడు. అనుకోనీ. సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి, దీపాన్ని నా వైపు తిప్పుకుని, హ్యాండిల్ మీద ఈ పుస్తకం పెట్టుకుని, తొక్కుతూ రాస్తున్నాను. కాళ్లు ఆగితే వెలుతురు ఆగిపోతుంది. ఇంత చెమటోడ్చి రాసేటప్పుడు నా సోది నాలుగు వాక్యాలు పడితే ఎవరి సొమ్మూ పోదు.

పని మాత్రం తేలికే. సోమవారం, గురువారం పొద్దున, మేం బతుకుతున్న ఈ బొగ్గు గనిలో మా నాలుగో బాయి నుంచి ఆరో బాయి వైపు సొరంగంలో సైకిల్ మీద వెళ్తాను. ఇనుప తలుపు దాటి, పెద్ద మలుపు తిరిగాక దారి తిన్నగా ఉంటుంది. ఆ తిన్నని దారిలో ఇటొక సున్నం గీత, దూరంగా అటొక సున్నం గీత. ఆరో బాయిలో మసి దగ్గు మొదలైనప్పుడు రెండు బాయిల పెద్దలూ కలిసి గీసుకున్నారు. వాళ్లు ఇటు రాకూడదు, మేం అటు పోకూడదు. గీత దాటి పోయినవాళ్లను మళ్లీ ఇటు రానివ్వరు.

గాలి మాత్రం మేమే పంపాలి. పైనుంచి గాలి దిగే దారి మా బాయికే ఉంది. కరెంటు పోయాక పాత పెద్ద ఫ్యానుకు పది సైకిళ్ల గొలుసులు తగిలించారు. వంతులు వేసుకుని తొక్కుతాం. ఆ గాలి సొరంగం గుండా ఆరో బాయికి పోయి, అక్కడి బొక్కలోంచి పైకి వెళ్లిపోతుంది. ఇటునుంచి అటే వీస్తుంది కాబట్టి జబ్బు మా దాకా రాదు. ఇనుప తలుపు మూసేస్తే ఐదుగురు తొక్కినా మాకు సరిపోతుంది. తెరిచి ఉంచితే పదిమందీ తొక్కాలి. అటువైపు దీపం కనిపించినన్నాళ్లు తలుపు తెరిచి ఉంచాలి, కనిపించని రోజు మూసెయ్యాలి. అదీ ఒప్పందం. ఆ దీపం చూసొచ్చే మనిషిని నేను.

అటునుంచి దీపం తెచ్చేది మా అక్క ఐలవ్వ.

ఒకప్పుడు ఇద్దరం సగం దారిలో కలుసుకునేవాళ్లం. వాళ్ల గోదాములోని ఉప్పు నేను తెచ్చుకునేదాన్ని, మా పుట్టగొడుగులు ఆమె తీసుకెళ్లేది. ఇప్పుడు దీపాలే కలుసుకుంటాయి. ఎవరి గీత దగ్గర వాళ్లం ఆగుతాం. ఆగితే డైనమో ఆగి రెండు దీపాలూ ఆరిపోతాయి. ఆ చీకట్లో నేను బెల్లు కొడతాను. గాలి అటు వీస్తుంది కనుక నా బెల్లు ఆమెకు వినబడుతుంది, ఆమె అరిచినా నాకు వినబడదు. తర్వాత ఇద్దరం వెనుదిరుగుతాం. అక్కకు ఒక చిలిపి అలవాటుంది. నేను తిరిగిపోతూ వెనక్కి చూస్తానని తెలుసు కదా, వెనక చక్రం ఎత్తి పెడల్ ఒక్క తోపు తోసి దీపం ఇంకోసారి మెరిపిస్తుంది. చిన్నప్పుడు నా జడ లాగి పారిపోయేది, ఇదీ అలాంటిదే.

ఇవాళ మెరిపించలేదు. అలిగిందేమో. నేనేం చేశానని అలగడం?

గురువారం

దీపం కనిపించింది. ఇవాళ కూడా రెండోసారి మెరవలేదు. మెడ నొప్పి పుట్టేదాకా వెనక్కి చూస్తూ తొక్కాను, గోడకు గుద్దుకోబోయాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మొండయ్య ఫ్యాను వంతు దిగి వచ్చి కూర్చున్నాడు. పుట్టగొడుగులు పెట్టాను. ఉప్పు అయిపోయి ఎన్నాళ్లయిందో, చప్పిడి తిండికి నాలుక అలవాటు పడనంటోంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఉప్పు లేదని విసుక్కుంటే నాకు బాగుండేది. చీకట్లో చేత్తో తడిమి చూస్తే ఆయన పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉంటోంది.

"రెండు రోజులు దిగి కూసోరాదు" అన్నాను.

"నేను దిగితే నా వంతు కొమురవ్వ తొక్కాలె. ఆమె వయసెంతనే?"

"ఆమెను గూడ దిగుమను."

"అందరం దిగుదాం. దిగి ఒకల మొకాలు ఒకలం చూసుకుంట కూసుందాం" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సాయంత్రం గట్టయ్య మామ వచ్చాడు. ఆయన కర్ర చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. సర్దార్ అంటే ఒకప్పుడు గనిలో గ్యాస్ చూసి పనివాళ్లను లోపలికి పంపేవాడట. ఇప్పుడు వంతులు వేసి, ఎవరు తొక్కలేకపోతున్నారో చూసి, తిట్లు తినేవాడు.

"ఓదెమ్మా, దీపం నిజంగ చూసినవా?"

"చూడకుండ చెప్తనా మామా?"

"ఎట్లుందది?"

"దీపం తీరుగనే ఉంది. నీకు తీసుకొచ్చి చూపియ్యాల్నా?"

"కోపం చెయ్యకు బిడ్డా. ఆడ మీ అక్క ఉన్నదని అడుగుత లేను. ఈడ మనోళ్లు ఒక్కొక్కలు పడిపోతున్నరని అడుగుతున్న."

ఆయన వెళ్లాక చాలాసేపు నాకు కోపం తగ్గలేదు. ఆయన మీదా, అక్క మీదా, ఎవరి మీదో తెలియదు. పెడల్ ఒక్క తోపు తొయ్యడానికి ఆవిడకంత బరువైందా?

సోమవారం

దీపం కనిపించింది. దాని గురించి తర్వాత రాస్తాను.

కొమురవ్వ చనిపోయింది. ఫ్యాను మీద, తొక్కుతూ. పక్క సైకిల్ మీదున్న మొండయ్యకు కూడా వెంటనే తెలియలేదు. గొలుసు లాగుతుంటే ఆమె కాళ్లు కాసేపు దానితో పాటే తిరిగాయట. బరువు పెరిగినట్టనిపించి "అవ్వా, జెర గట్టిగ తొక్కు" అన్నాడట. ఆ మాట అన్నందుకు ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఫ్యాను ఆపకూడదు. ఆమెను ఒకవైపు దింపుతుంటే ఇంకోవైపు నుంచి ఇంకొకరు ఎక్కేశారు. ఎక్కింది నేనే. సీటు ఇంకా వెచ్చగా ఉంది.

మంట మాకు లేదు. గ్యాస్ ఉన్నచోట అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో మూడో బాయి వాళ్లు చూపించి పోయారు. టోపీ లైట్లు మా నాన్న కాలంలోనే చచ్చాయి. ఉన్నది సైకిల్ దీపమొక్కటే, దాన్ని బతికున్న మనిషి మొహం మీద వెయ్యకూడదు. చీకటికి అలవాటైన కళ్లు చెదిరిపోతాయి. పోయినవాళ్ల మొహం మీదే వేస్తాం. ఇంటికొకరు సైకిల్ తెచ్చి, స్టాండు వేసి, వంతులవారీగా తొక్కుతూ చివరి చూపు చూసుకుంటారు. కొమురవ్వ నా పెళ్లికి పాటలు పాడింది, నా చేత మొదటిసారి ఫ్యాను తొక్కించింది, నోరు తెరిస్తే బూతులే. ఆమె ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందని ఇవాళే తెలిసింది.

దీపాల వెనక నుంచి ఎవరో ఆడమనిషి అన్నది. "ఆరో బాయోళ్లకేంది, పండుకోని గాలి పీలుస్తున్నరు. ఈడ మనం పానాలు తీసుకుంటున్నం."

నేను గట్టిగానే సమాధానం చెప్పాను. రేపు మనకొస్తే వాళ్లూ ఇదే మాట అనాలా అని అడిగాను. కానీ నా మాట నాకే బోలుగా వినిపించింది. ఎందుకంటే పొద్దున నేను చూసిన దీపం నాకు నచ్చలేదు. నేను మలుపు తిరిగే సరికే అది అక్కడుంది. నేను గతుకులో పడితే అదీ గతుకులో పడ్డట్టు ఊగింది. అక్క వైపు దారి చదునుగా ఉంటుంది.

గురువారం

మా గీతకు కొంచెం ముందు పైకప్పు నుంచి నీళ్లు కారే చోటొకటుంది. ఇవాళ అక్కడ బురద ఎక్కువైంది. టైరు తడిసి డైనమో జారింది. నా దీపం రెండుసార్లు టపటపా ఆరి వెలిగింది.

అదే క్షణంలో అటు దీపం కూడా రెండుసార్లు ఆరి వెలిగింది.

తొక్కడం ఆపలేదు. ఆగితే రెండూ ఆరిపోతాయి, అప్పుడింక ఏమీ తెలియదు. తొక్కుతూనే అరచెయ్యి నా దీపానికి అడ్డం పెట్టాను. అటు చీకటి. చెయ్యి తీశాను. వచ్చింది. మళ్లీ పెట్టాను, తీశాను. మా అక్క ఎంత చురుకైనదైనా నా చెయ్యి కదిలిన క్షణంలోనే తన చెయ్యి కదపలేదు. హ్యాండిల్‌ని ఎడమకు తిప్పాను, దీపం పోయింది. నిటారుగా పెట్టాను, వచ్చింది. గీత దగ్గర ఆగాను. ఎప్పటిలాగే మర్యాదగా అదీ ఆరిపోయింది.

ఆ చీకట్లో నిలబడి బెల్లు కొడుతూ ఉండిపోయాను. మూడు, పది, ఎన్నోసార్లు. అక్కడ ఏదో అద్దం లాంటిది ఉంది. ఇన్నాళ్లుగా నేను పోయి నా దీపాన్నే చూసి, నా దీపానికే బెల్లు కొట్టి, అలిగావా అని నా దీపాన్నే అడిగి వస్తున్నాను. ఎన్నాళ్లుగానో తెలియదు. ఆ రెండో మెరుపు ఆగిన నాటి నుంచి కాబోలు.

తిరిగి వస్తూ తలుపు దగ్గర గట్టయ్య మామ నిలబడి ఉంటే ఆయన అడగకముందే చెప్పాను.

"కనిపించింది మామా."

అది అబద్ధమైతే కాదు. ఆయన కర్ర చప్పుడు ఫ్యాను వైపు వెళ్లిపోయింది. తర్వాతి వంతు ఎక్కమని పిలుపు వినబడింది. పదిమందికీ.

శనివారం

రెండు రోజులు కడుపులో పెట్టుకున్నాను. ఇవాళ మొండయ్యకు చెప్పేశాను. ఆయన కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని తడిబట్ట చుడుతూ, అద్దం సంగతి, చెయ్యి అడ్డం పెట్టిన సంగతి, గట్టయ్య మామకు చెప్పిన సంగతి అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. కొమురవ్వ గుర్తొచ్చి కొట్టినా కొట్టనీ అనుకున్నాను.

తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగాడు, "అంటే ఆడ ఎవలు లేరా?"

"ఏమో. అద్దం దానంతట అదే పోయి నిలవడదు గదా. ఎవలో పెట్టిన్రు. పెట్టినోళ్లు ఉన్నరో లేరో."

"మామకు చెప్తే?"

"తలుపు మూస్తరు. లోపల ఒక్క మనిషి ఊపిరి తీస్తున్నా మూస్తరు."

"చెప్పకుంటే?"

ఆయన పాదం నా చేతుల్లోనే ఉంది. చెప్పకుంటే తర్వాత దీపాలు వేసి చూసుకునేది ఎవరి మొహమో ఇద్దరికీ తెలుసు.

"నేను పోయి చూస్త" అన్నాను.

"పోతే రానియ్యరు."

"తెలుసు."

"తెలుసంటవేందే అంత సల్లగ." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "అక్క ఉన్నది నీకు. నాకెవలున్నరు?"

నేను ఏడ్చాను. ఆయన ఏడ్చాడో లేదో చీకట్లో తెలియదు, చెయ్యి మాత్రం వదల్లేదు. నన్ను ఆపడం తన వల్ల కాదని ఆయనకు పెళ్లైన కొత్తలోనే తెలుసు. చివరికి ఇలా అనుకున్నాం. సోమవారం నేను గీత దాటుతాను. ఆ అద్దమేదో పీకేస్తాను. గురువారం నా బదులు దీపం చూడటానికి ఆయన వస్తాడు. అద్దం ఉండదు కనుక ఆ రోజు దీపం కనిపిస్తే అది మనిషి తెచ్చిన దీపమే. కనిపించకపోతే తలుపు మూయించెయ్యాలి.

"ఎవలు లేకున్నా నువ్వుంటవు గదా" అన్నాడు.

"గీత దాటినోళ్లను మనం ఎన్నడన్న లెక్కలకు తీసుకున్నమా?"

"నేను తీసుకుంట. నువ్వొక్కదానివే ఉన్నా సరే దీపం చూపియ్యి. నేను తొక్కుత. వాళ్లందరు దిగిపోయినా నేను తొక్కుత."

తొక్కుతాడు. అదే నా భయం.

సోమవారం, ఆరో బాయిలో

మా గీత మీదుగా సైకిల్ పోయినప్పుడు ఏమీ అనిపించలేదు. సున్నం గీతే కదా, చక్రానికి తెలియనైనా తెలియదు. ఎదురుగా నా దీపం నాకు ఎదురొస్తూ పెద్దదవుతూ ఉంది.

అద్దం కాదు, రేడియం. సైకిల్ పెడళ్లకు ఉండే, దీపం పడితే తిరిగి మెరిసే పసుపు రేడియం ముక్కలు. మా బాయిల్లో అవి ఎప్పుడో పీకేశారు, ఎదురుగా సైకిల్ వస్తోందనుకుని జనం పక్కకు తప్పుకుని గోడలకు గుద్దుకుంటున్నారని. ఎవరో ఎక్కడో దాచిన నాలుగు ముక్కలు తీసి, మసి తుడిచి, సరిగ్గా సైకిల్ దీపం ఎత్తులో గుంజకు తీగతో కట్టారు. తీగ ముడి చూడగానే తెలిసింది. అది అక్క ముడి. ఉప్పు మూటలకు అలాగే వేసేది, విప్పలేక నేను పళ్లతో కొరికేదాన్ని.

గుంజ పక్కన సైకిల్ స్టాండు వేసి ఉంది. దాని వెనక, దారి మలుపులో, గోడకు చేరగిలబడి ఏదో గుడ్డల కుప్ప. అది దగ్గింది.

"ఎవలది?" అన్నది.

"నేనే అక్కా."

ఆమె చేసిన మొదటి పని నన్ను తిట్టడం. దున్నపోతా అన్నది, బుద్ధుందా అన్నది, నిన్నెవరు రమ్మన్నారన్నది. తిట్టడానికి కూడా ఊపిరి చాలక మధ్యలో ఆగి దగ్గి మళ్లీ తిట్టింది. నేను దగ్గరికెళ్లి పట్టుకున్నాను. పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. దూపైతుందంటే నీళ్లు తాగించాను. మళ్లీ తొక్కినప్పుడు దీపం ఆమె మొహం మీద పడకుండా సైకిల్‌ని అటు తిప్పి పెట్టాను.

తర్వాత లోపలికెళ్లి చూసొచ్చాను. ఇళ్లిళ్లూ తిరిగాను. ఆ సంగతి రాయను. మొహాల మీద దీపం వెయ్యొచ్చు కనుక వేసుకుంటూ పోయాను. మా బావ దుప్పటి కప్పుకుని ఉన్నాడు, ఎవరో కళ్లు మూశారు. మిగతావాళ్లకు అదీ చేసేవాళ్లు లేకపోయారు.

బుధవారం కావచ్చు

నాకు గొంతు నస మొదలైంది. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

అక్క మాట్లాడగలిగినప్పుడు మాట్లాడుతోంది. కాళ్లు పడిపోయిన రోజున ఈ ఉపాయం తట్టిందట.

"నేను తొక్కలేకపోతే దీపం లేదు. దీపం లేకపోతే గాలి లేదు. అప్పటికింక లోపల మనుషులున్నరు పిల్లా. మీ బావ ఉన్నడు. నా కాళ్లు పోయినయని వాళ్ల గాలి తియ్యాల్నా?"

"నన్ను మోసం చేసినవ్."

"నిన్నుగాక ఇంకెవల్ని చేస్త?" అన్నది. "నువ్వు బెల్లు కొట్టినప్పుడల్ల ఈన్నే ఉన్న. పాక్కుంట వచ్చి దాని మీది మసి తుడిచేదాన్ని. పక్కకు జరిగి పండుకునేదాన్ని. నీ దీపం వస్తుంటే చూసేదాన్ని."

అంటే మెరిపించలేకపోయినా అక్కడే ఉండేది. నేను అలిగిందనుకున్నాను. ఎన్ని మాటలన్నాను మనసులో. నాకు చెప్పలేనంత సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఈ చోట సంతోషమేమిటో, కానీ వేసింది.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. మా బాయి కబుర్లు అడిగితే చెప్పాను. కొమురవ్వ ఎట్లుందని అడిగింది. ఫ్యాను మీద పోయిందని చెప్పాను. నోరు జారలేదు, కావాలనే చెప్పాను. ఎవరితోనైనా పంచుకోవాలనిపించింది.

అక్క మోచేతుల మీద లేచింది.

"ఎప్పుడు?" అన్నది.

చెప్పాను. లోపల చివరి మనిషి పోయింది అంతకు ముందేనట. అంటే కొమురవ్వ తొక్కిన ఆ గాలి మా అక్కొక్కదాని కోసం వచ్చింది.

"నాకు తెల్వదు పిల్లా" అన్నది. "పదిమంది తొక్కుతున్నరని తెలుసు. కూలిపోతున్నరని తెల్వదు. నేను ఆ రేడియం ముక్కలు ఎప్పుడో తీసెయ్యాల్సింది. భయమైంది. గాలి ఆగితే ఎట్లుంటదో అని భయమైంది." దగ్గు ఆపుకుని, "మరిది కాళ్లు ఎట్లున్నయి?" అని అడిగింది.

"ఉన్నయి."

"ఎట్లున్నయని అడిగిన."

చెప్పాను.

"రేపు దీపం చూపియ్యకు" అన్నది.

చూపిస్తానన్నాను. నువ్వు చావడం నేను చూస్తూ కూర్చోనన్నాను. నువ్వు నాలుగు రోజులే ఉంటావనుకో, ఆ నాలుగు రోజులు ఊపిరాడి ఉండు, తర్వాత నేను చూసుకుంటానన్నాను. అక్క వాదించలేదు. మా అక్క వాదించకుండా ఊరుకోవడం నా జీవితంలో ఇదే మొదలు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రేడియం ముక్కలు విప్పి తెమ్మంటే తెచ్చిచ్చాను. రేపు నన్ను కూడా క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని గీత దాకా తీసుకుపో, ఒక్కసారి మరిది దీపం చూస్తానన్నది. సరేనన్నాను.

గురువారం

తొక్కితే ఊపిరి ఎక్కువ కావాలి. అందుకని కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

పొద్దున అక్కను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా నా కొంగుతో నా నడుముకు కట్టుకున్నాను. బరువే లేదు. ముందే పోయి ఎదురుచూస్తే దీపం ఆరిపోతుంది కాబట్టి మలుపు వెనక చీకట్లో ఆగాం. అటునుంచి వెలుతురు గోడ మీద పడగానే బయలుదేరి గీత దాకా తొక్కాలి. అప్పుడు ఆయనకు కనిపిస్తాం.

వెలుతురు పడింది. బయలుదేరాను. నా దీపం వెలిగింది, ముందున్న గోడ కనిపించింది, మలుపు వచ్చింది. ఇంకో రెండు తొక్కులు తొక్కితే తిన్నని దారి. సరిగ్గా అక్కడ నా దీపం ఆరిపోయింది.

తొక్కుతూనే ఉన్నాను, చక్రం తిరుగుతూనే ఉంది, దీపం లేదు. బల్బు పోయిందనుకున్నాను. తర్వాత అర్థమైంది. మా డైనమో వెనక చక్రం దగ్గర ఉంటుంది, క్యారేజీ కింద. అక్క చెయ్యి కిందికి చాపి దాన్ని టైరు నుంచి వెనక్కి లాగేసింది.

"వదులు" అన్నాను.

"వద్దు పిల్లా."

చీకట్లోనే గీత దాకా వచ్చి ఆగాను. దూరంగా మొండయ్య దీపం. ఎలా తొక్కుతున్నాడో దాని ఊపు చూస్తేనే తెలుస్తోంది. ఒక పక్కకు వాలిపోయి, మళ్లీ లేచి, మళ్లీ వాలిపోయి, కుంటుతున్న దీపం. ఆయన గీత దగ్గరికొచ్చి ఆగాడు. దీపం ఆరింది. బెల్లు కొట్టాడు.

చెయ్యి వెనక్కి చాపి అక్క చేతిని పట్టుకున్నాను. డైనమోని పట్టుకున్న ఆ వేళ్లు ఐదూ నా గుప్పెట్లో పట్టాయి. విడదీయడం ఏమంత పని కాదు. డైనమోని టైరుకు తగిలించి, చక్రం ఎత్తి, పెడల్ ఒక్క తోపు తోస్తే చాలు. ఆయన చూస్తాడు. చూసి ఇంటికెళ్లి ఫ్యాను ఎక్కుతాడు. మిగతావాళ్లు దిగిపోయినా ఎక్కుతాడు, మాటిచ్చాడు కనుక. ఆ పాదాలతో.

మళ్లీ బెల్లు కొట్టాడు. ఈసారి ఆపకుండా కొట్టాడు. ఆ గాలిలో కేక కూడా వినిపించింది. నా పేరే పిలిచాడు. ఓదెమ్మా అన్నాడు, రెండుసార్లు. నేను పలికినా ఆయనకు వినబడదని తెలిసి కూడా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అక్క వేళ్లు విడదీయలేదు. వాటి మీద నా చెయ్యి వేసి ఉంచాను. అది ఆమె చేసిన పనే అని చెప్పుకోవడానికి లేదు, ఇద్దరం చేశాం.

చాలాసేపటికి దీపం వెలిగింది. వెలిగి, అక్కడే ఒక చుట్టు తిరిగి, మా వైపు చూసింది. మమ్మల్ని చూపించేంత వెలుతురు కాదది. తర్వాత మెల్లగా వెనుదిరిగింది. మలుపు గోడ మీద కొంతసేపు పసుపుగా ఉండి, అదీ పోయింది.

"పోయిండా?" అన్నది అక్క. తల నా వీపుకు ఆన్చి ఉంది, చూడనేలేదు.

"పోయిండు."

చెంపకు తగులుతూ వచ్చిన గాలి ఇంకొంతసేపు తగిలింది. సన్నబడింది. దూరంగా ఇనుప తలుపు పడ్డ చప్పుడు వచ్చింది, లేదా వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత నా మొహం మీద ఏమీ కదల్లేదు. అక్కను విప్పి గోడకు చేరగిల కూర్చోబెట్టాను. నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటానంటోంది, ఇది రాసి వెళ్తాను.

ఈపాటికి నాలుగో బాయిలో ఐదుగురే తొక్కుతూ ఉంటారు. మొండయ్యను దిగమని ఉంటారు. కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాడు.